శవం ముక్క

విజయనగరంలో గంటస్తంభానికి కాస్త దూరంలో, ఒక మేడ కింద స్టాన్లీ ఫ్లెక్సీల దుకాణం. మేడ మీద కాపురం. పుట్టినరోజులకీ, పెళ్ళిళ్ళకీ, నాయకుల ఊరేగింపులకీ ఫ్లెక్సీలు వేసి పొట్టపోసుకునేవాడే గానీ, అతని చేతి దురద వేరే. మనిషిని చూడగానే, ఆ మనిషిలో దేన్ని సాగదీస్తే నవ్వొస్తుందో అతనికి ఇట్టే తెలిసిపోయేది. చర్చిలో పాస్టరుగారు ప్రసంగిస్తుంటే పాటల పుస్తకం వెనక అట్ట మీద ఆయన గడ్డాన్ని బల్ల దాకా దించి, భార్య రూబీ చేత మోచేతి పోటు తిన్న ఆదివారాలు చాలానే ఉన్నాయి.

ఆ దురదలోంచే పుట్టింది ‘చిల్లర తారలు’ అనే, పేకముక్కల్లాంటి బొమ్మల ముక్కల కట్ట. రెండువేల పదిహేడు వేసవి అది. పెద్ద హీరోలకి కటౌట్లున్నాయి, పాలాభిషేకాలున్నాయి. ఊరి చివర డేరా హాళ్ళలో ఆడిన చవక దెయ్యాల సినిమాల్లో ఒళ్ళు హూనం చేసుకున్నవాళ్ళకి ఎవరున్నారు? వాళ్ళ బొమ్మలు వేద్దామనుకున్నాడు. తెల్లచీర కట్టి ఉయ్యాల ఊగడం తప్ప ఇంకో వేషం ఎరగని మోహిని. నిమ్మకాయ కోసేటప్పుడల్లా సొంత వేలు కోసుకునే మాంత్రికుడు. ప్రతి సినిమాలోనూ మొదటి రీలులోనే చచ్చిపోయే వాచ్‌మన్. ముక్కకి ఒక పక్క వెక్కిరింత బొమ్మ, రెండో పక్క వాళ్ళ ఘనకార్యాలు, బలం ఎంత, భయం ఎంత అని మార్కులు. పిల్లలు ఆడుకోవచ్చు, పెద్దలు దాచుకోవచ్చు.

ఆ కట్టలో అందరికంటే చివర చేరినవాడు ఎర్రన్న.

అతని పేరు ఎవరికీ తెలియదు గానీ, ఆ సినిమాలు చూసినవాళ్ళందరికీ ఆ మొహం తెలుసు. పాడె మీద, నూతిగట్టు మీద, ఆస్పత్రి బల్ల మీద, ఎక్కడ శవం కావాలన్నా అతనే. శ్రీకూర్మం దాటి సముద్రం వైపు వెళ్తే వచ్చే ఒక పల్లెలో ఉంటాడని సాలూరు లారీ డ్రైవరొకడు ఆచూకీ చెప్పాడు. చేపల వేటకెళ్ళే మనిషి కాబట్టి నీళ్ళలో ఊపిరి బిగబట్టడం చిన్నప్పటి నుంచీ అలవాటే. మొహం మీద చీమ పాకినా రెప్ప కదిలేది కాదట.

స్టాన్లీ వెళ్ళేసరికి ముసలాయన పాక ముందు కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. పక్కనే అతని అక్క జగ్గమ్మ ఎండుచేపలు తిరగేస్తోంది. బొమ్మ అచ్చేస్తారంటే అతనికన్నా ఆవిడ ఎక్కువ సంబరపడింది. మాటల్లో మాటగా ఎర్రన్న తన పనిలోని ఒక నియమం చెప్పాడు. షాటు అయిపోయినా తనంతట తను లేచేవాడు కాదు. జగ్గమ్మ షూటింగులకి వెంట వెళ్ళేది అందుకే. ఆవిడ వంగి, చెవిలో, పేరు పెట్టి మూడుసార్లు పిలవాలి. మూడో పిలుపుకి అతను కళ్ళు తెరిచి, కెమెరా వైపు చూసి నవ్వాలి. ఆ నవ్వు సినిమాలో ఉండదు. కోసి పారేస్తారు. అయినా తీయాల్సిందే.

ఒకసారి జగ్గమ్మకి జ్వరమొచ్చి రాలేకపోతే, కుర్ర అసిస్టెంటొకడు వేళాకోళానికి రెండుసార్లు పిలిచి ఊరుకున్నాడట. సాయంత్రం జగ్గమ్మని బండి మీద తీసుకొచ్చి మూడో పిలుపు పిలిపించేదాకా ఎర్రన్న లేవలేదట. అందరూ వేషం వేస్తున్నాడనుకున్నారట.

“మాకు పాడెని దారిలో దింపి పిలుస్తారు గదా బాబూ, దింపుడు కళ్ళం” అన్నాడు ఎర్రన్న, వల ముడి పళ్ళతో బిగిస్తూ. “పేరెట్టి పిలిస్తే లెగుస్తాడేమోనని ఆశ. లెగిసినోడు నవ్వాల. నవ్వకపోతే లెగిసింది ఎవులో ఏటో, ఎవులికి తెలుస్తాది?”

స్టాన్లీకి ఆ మాట పేపర్లో ఎన్నికల వార్తల్లో చూసిన గుర్తు తప్ప, అది నిజంగా జరిగే పని అని అప్పటిదాకా తెలియదు. వాళ్ళ బాప్టిస్టు ఇళ్ళలో పెట్టె చర్చి నుంచి తిన్నగా సమాధుల తోటకి వెళ్తుంది. మధ్యలో దించరు, ఎవరినీ పిలవరు. ప్రభువునందు నిద్రించినవాళ్ళని లేపడం ప్రభువు పని. అందుకే ముసలాయన మాట అతనికి భయంగా అనిపించలేదు, భలేగా అనిపించింది. ముక్క మీదికి పనికొచ్చే సంగతి దొరికిందనుకున్నాడు.

లేచి వస్తుంటే ఎర్రన్న అతని చెయ్యి పట్టుకున్నాడు.

“బొజ్జ పెంచుకో, బుర్ర పెంచుకో, నీ ఇష్టం. కళ్ళు మూసినట్టు మాత్రం ఎయ్యకు బాబూ. నవ్వుతున్నట్టు ఎయ్యి.”

అలాగే తాతా అన్నాడు స్టాన్లీ. అన్నాడు గానీ, ఇంటికొచ్చి కాగితం ముందు కూర్చుంటే చెయ్యి ఊరుకోలేదు. నవ్వే శవం శవమెలా అవుతుంది? తలకాయ గుమ్మడికాయంత వేశాడు. బొజ్జ డేరాలా లేపాడు. ఆ బొజ్జ కింద పసిపిల్లవాడివంత పాదాలు పెట్టి, రెండు బొటనవేళ్ళూ దారంతో కట్టేశాడు. ముక్కుల్లో దూది, దవడ చుట్టూ గుడ్డకట్టు, మూసిన కళ్ళు. అంతటితో ఆగినా బాగుండేది. ఆటలో ఒక షరతు కూడా పెట్టాడు. శవం ముక్క ఎవరి చేతికొస్తే వాళ్ళ ఆట ఆగిపోతుంది. వంగి, ముక్క చెవిలో ‘ఎర్రన్నా’ అని మూడుసార్లు పిలిస్తేనే మళ్ళీ మొదలు.

ముసలాయన అడిగింది ఒక్కటే కదా, అదైనా చెయ్యకపోతే ఎలా అని రూబీ అంది. ఆస్పత్రిలో నర్సు ఆవిడ. కళ్ళు మూసినవాళ్ళతో వేళాకోళం ఆవిడకి నచ్చదు. స్టాన్లీ నవ్వేసి ఊరుకున్నాడు. అచ్చు అయి వచ్చాక కూతురు షాలిని బొమ్మని తేరిపార చూసి, డాడీ, ఎడమ కాలికి ఆరు వేళ్ళు వేశావు అంది. లెక్క పెట్టాడు. నిజమే. రెండో తరగతి చదివే పిల్ల పట్టుకున్న తప్పు తను పట్టుకోలేకపోయాడని ముగ్గురూ నవ్వుకున్నారు.

ముక్కలు అమ్ముడుపోయిన తీరు చూసి స్టాన్లీకే ఆశ్చర్యమేసింది. బళ్ళ పక్కన ఉండే పుస్తకాల కొట్లన్నీ తెప్పించుకున్నాయి. శ్రీకాకుళం, పొందూరు, సాలూరు, ఎక్కడ చూసినా పిల్లలు గుంపుగా కూర్చుని ఒకే ముక్క మీదికి వంగి అరుస్తున్నారు. అందరికీ నచ్చింది శవం ముక్కే.

ఎర్రన్నకి ఒక కట్ట పంపితే, చూసి తిట్టలేదు. ఫోన్ చేసి ఇవి ఏయే ఊళ్ళకెళ్ళాయని మాత్రం అడిగాడు. వారం తిరక్కుండా మళ్ళీ చేశాడు.

“బాబూ, నన్నెవులో పిలుస్తన్నారు.”

కన్ను మూస్తే చాలు పిలుపేనట. చిన్నపిల్లల గొంతులు. ఒకటి, రెండు, మూడు. మూడో పిలుపుకి లేచి కూర్చుని, ఎదురుగా కెమెరా లేకపోయినా నవ్వుతున్నాడట. పదిన్నరకి ఎక్కువ, మధ్యాహ్నం అన్నాల వేళ ఎక్కువ, సాయంత్రం మరీ ఎక్కువ. అవి బళ్ళు విడిచిపెట్టే వేళలని స్టాన్లీకి వెంటనే తట్టింది. తట్టినా పైకి అనలేదు. వయసు మీద పడితే నిద్ర తగ్గుతుంది తాతా అన్నాడు. ఆ తర్వాత ఆ నంబరు మోగినప్పుడల్లా ఫోన్ బోర్లా పెట్టేసేవాడు. సిగ్గుగానే ఉండేది. ఊరూరా చేరిపోయిన ముక్కల్ని వెనక్కి ఎలా తేగలడు? అదీ ఒక ముసలాయనకి నిద్ర పట్టడం లేదని?

అక్టోబరులో వాయుగుండం పట్టింది. రెండు రోజులు బళ్ళకి సెలవన్నారు. రెండో రోజు పొద్దున్నే జగ్గమ్మ ఫోన్ నుంచి ఎవరో మాట్లాడారు. ఎర్రన్న పోయాడు. రాత్రి పడుకున్నవాడు పడుకున్నట్టే పోయాడు.

షాలినిని పక్కింటి మామ్మగారికి అప్పజెప్పి, వానలోనే మొగుడూ పెళ్ళాలిద్దరూ బయల్దేరారు. ఎర్రన్న వాళ్ళలో కాల్చరు, పూడ్చడమే. పాడె వెనక తడి ఇసకలో నడుస్తుంటే సముద్రం హోరు తప్ప ఇంకేమీ వినిపించలేదు. సరుగుడు తోట దగ్గర పాడె దించారు. ముసలాయన మొహం మీద వాన పడుతోంది. దవడకి గుడ్డకట్టు, ముక్కుల్లో దూది, బొటనవేళ్ళకి దారం. తను వేసిన బొమ్మ కళ్ళముందు పడుకుని ఉన్నట్టుంది.

జగ్గమ్మ మోకాళ్ళ మీద కూర్చుని తమ్ముడి చెవి దగ్గరికి వంగింది.

“ఎర్రన్నా...”

వాన.

“ఎర్రన్నా...”

మూడోసారి నోరు తెరిచింది. తెరిచి, అలాగే ఆగిపోయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లేచి నిలబడింది. పిలవ్వే అని పెద్దలు కసిరారు. ఆవిడ వాళ్ళవైపు చూడలేదు. గుంపులో వెనకెక్కడో ఉన్న స్టాన్లీ వైపే చూసింది.

“నాను పిలవను. పిలిస్తే లెగుస్తాడు. ఇన్నాళ్ళకి నిన్న ఒక్కరోజు ఎవులూ పిలవనేదు, తొంగున్నాడు. తొంగోనీండి.”

ఇంక ఎవరు చెప్పినా వినలేదు. పెద్దలు గొణుక్కుంటూనే పాడె ఎత్తారు.

పూడ్చడం అయ్యాక ఇద్దరూ తిరుగుముఖం పట్టారు. విజయనగరం చేరేసరికి దీపాలు పెట్టే వేళ అయింది గానీ, వీధిలో ఎక్కడా దీపం లేదు. కరెంటు పోయి చాలా సేపయిందని తెలుస్తూనే ఉంది. మామ్మగారు షాలినిని అప్పుడే మేడ మీదికి పంపించి తలుపేసుకుంటున్నారు. మెట్లెక్కుతుంటే స్టాన్లీకి పై నుంచి కూతురి గొంతు వినిపించింది. ఒక్కత్తే ఎవరితోనో ఆడుతున్నట్టు మాట్లాడుకుంటోంది. ఇది నీ ముక్క, ఇది నా ముక్క...

అతని కాళ్ళు ముందే పరిగెత్తాయి. తలుపు తోసుకుని లోపలికి వెళ్ళేసరికి, కొవ్వొత్తి పక్కన నేలమీద ముక్కలు పరిచి ఉన్నాయి. షాలిని ఒక ముక్క మీదికి వంగి ఉంది.

“ఎర్రన్నా” అంది.

స్టాన్లీ ఒక్క దూకున వెళ్ళి కూతురి నోరు మూశాడు. పిల్ల బెదిరిపోయి ఏడుపు మొదలెట్టింది. ఎన్నిసార్లు పిలిచావని అడిగాడు. ఇప్పుడే ఆట మొదలెట్టానని, ఒక్కసారేనని వెక్కుతూ చెప్పింది. ఒక్కసారే. అతని ప్రాణం కుదుటపడింది. తల్లి దగ్గరికి వెళ్ళమని పిల్లని రూబీ వైపు తోశాడు.

రూబీ గుమ్మంలోనే నిలబడి ఉంది. మొహంలో నెత్తురు లేదు.

“అక్కడ రెండు అయ్యాయి కదండీ” అంది, చాలా మెల్లగా.

వాన సన్నబడింది. చూరు నుంచి నీళ్ళు కారుతున్న చప్పుడు. ఎక్కడో కుక్క ఒకటి మొరిగి, మధ్యలో ఆపేసింది.

అప్పుడు కింద మెట్ల దగ్గర...

ధబ్.

తడిబట్ట నేలకేసి కొట్టినట్టు.

కాసేపు ఏమీ లేదు.

ధబ్.

స్టాన్లీ తలుపు మూసి గడియ పెట్టాడు. మనిషి మెట్లెక్కే చప్పుడు అతనికి తెలుసు. ఒక కాలు, తర్వాత ఇంకో కాలు. ఇది అలా లేదు. రెండు కాళ్ళూ ఒకేసారి పడుతున్నాయి. ఎగిరి పడుతున్నాయి... కట్టేసిన కాళ్ళతో.

ధబ్... ధబ్...

దానితోపాటు గోడకి ఏదో రాసుకుంటున్న చప్పుడు. మెట్లదారిలో పట్టనంత లావుది ఏదో, అటూ ఇటూ ఒరుసుకుంటూ వస్తోంది. తలుపు సందుల్లోంచి వాసన. తడి ఇసక, కర్పూరం, వాటి అడుగున పచ్చి అచ్చుసిరా వాసన.

అచ్చుసిరా వాసన ఎందుకొచ్చిందో అర్థమై స్టాన్లీ తలుపు దగ్గర్నుంచి వెనక్కి జరిగాడు. వచ్చేది ఎర్రన్న కాదు. ఎర్రన్న అక్కడ ఇసకలో పడుకునే ఉన్నాడు. వచ్చేది తను వేసిన బొమ్మ.

రూబీ పిల్లని ఒడిలో దాచుకుని పెదవులు కదుపుతూ ప్రార్థన చేస్తోంది. మెట్ల మీద చప్పుడు ఆగింది. తలుపు అవతల ఏదో మెత్తగా ఆనింది. చెక్క కిర్రుమంది. గడియ కాస్త లోపలికి వంగింది. తర్వాత తడుముతున్న చప్పుడు... చూపు లేనివాడు తడిమినట్టు, పై నుంచి కిందికి, కింద నుంచి పైకి.

స్టాన్లీ నేలమీదికి వంగి, సెల్‌ఫోన్ లైటు తలుపు కింది సందులోకి వేశాడు. రెండు పాదాలు. పసిపిల్లవాడివంత. బొటనవేళ్ళు రెండూ కలిపి దారంతో కట్టి ఉన్నాయి. తడి ఇసక అంటుకుని ఉంది. చూడకూడదనుకుంటూనే ఎడమ పాదం వేళ్ళు లెక్క పెట్టాడు.

ఆరు.

ఎలా తట్టిందో తట్టింది. నేలమీది ముక్క అందుకున్నాడు. జేబులోని నల్ల మార్కరు తీశాడు. మూసిన రెప్పల మీద తెరిచిన కళ్ళు గీశాడు. పెదాల మీద ఈ చెవి నుంచి ఆ చెవికి నవ్వు గీశాడు. బల్ల మీది బ్లేడు తీసి, బొటనవేళ్ళ మధ్య దారం గీకేశాడు. తప్పయిపోయింది తాతా, ఇదిగో నవ్వుతున్నావు చూడు అని మనసులో అనుకుంటూనే ఉన్నాడు.

ముక్కని తలుపు కింది నుంచి అవతలికి తోశాడు.

చప్పుడు లేదు.

ఎంతోసేపు లేదు.

తర్వాత ముక్క నెమ్మదిగా లోపలికి జరిగి వచ్చింది. తడిగా ఉంది. మెట్ల మీద చప్పుడు కిందికి దిగింది. ఈసారి ఒక కాలు, తర్వాత ఇంకో కాలు.

కరెంటొచ్చాక రూబీ ముక్కలన్నీ ఏరి, ఆ తడి ముక్కతో సహా పొయ్యిలో పెట్టి కాల్చేసింది. తెల్లారాక స్టాన్లీ కొట్ల చుట్టూ తిరిగి దొరికిన కట్టల్నల్లా వెనక్కి తెచ్చుకున్నాడు. ఆ కట్టల్లో ఒకటి విప్పి చూస్తుంటే, ఆ రాత్రి బొమ్మకి తను ఏమేం చేశాడో గుర్తొచ్చింది. కళ్ళు తెరిచాడు. నవ్వు గీశాడు. కాళ్ళు విప్పాడు. దవడకి కట్టిన గుడ్డ విప్పడం మరిచిపోయాడు. విప్పుదామంటే ఆ ముక్క ఇప్పుడు బూడిద.

షాలినికి జ్వరం రాలేదు, పీడకలలూ రాలేదు. ఒక్కటే మారింది. అంతకుముందు ఒక్క పిలుపుకే లేచి కూర్చునే పిల్ల, ఇప్పుడు లేవదు. కుదిపినా లేవదు. నీళ్ళు చల్లినా లేవదు. మూడుసార్లు పేరు పెట్టి పిలవాలి. మూడో పిలుపుకి కళ్ళు తెరిచి, కిలకిలా నవ్వుతుంది. ఎందుకు నవ్వావంటే తెలియదంటుంది. రూబీ రోజూ వంగి, చెవిలో, మూడుసార్లు పిలుస్తుంది. ఆ నవ్వు వినేదాకా స్టాన్లీ గుమ్మం దగ్గరే నిలబడతాడు. విన్నాక పళ్ళు తోముకోడానికి వెళ్తాడు. అలా అలవాటు పడిపోయారు. మనిషి దేనికైనా అలవాటు పడతాడు.

డిసెంబరులో ఒకనాడు రూబీకి రాత్రి డ్యూటీ పడింది. ఇంకా ఇంటికి రాలేదు. బడికి వేళవుతోంది. కిటికీలోంచి ఎండ మంచం మీదికి వచ్చి ఉంది. వీధిలో పాలవాడి గంట వినిపిస్తోంది. స్టాన్లీ కూతురి పక్కన కూర్చుని చెవి దగ్గరికి వంగాడు.

“షాలినీ.”

పిల్ల మొహంలో కదలిక లేదు. దుప్పటిలోంచి పాదాలు రెండూ బయటికొచ్చి, పక్కపక్కన అతుక్కుని ఉన్నాయి.

“షాలినీ.”

మూడోసారి పిలవడానికి ఇంకాస్త వంగాడు. నోరు తెరిచాడు.

అతను పిలవకముందే, వెనక, తలుపు మూల నుంచి ఎవరో పిలిచారు. దవడ గుడ్డతో బిగించి కట్టేసినవాడు పిలిస్తే ఎలా ఉంటుందో అలా, ముద్దముద్దగా...

షాలిని కళ్ళు తెరిచింది.

అతని భుజం మీదుగా ఆ మూలకి ఒకసారి చూసి, తర్వాత అతని వైపు చూసింది. చూస్తూనే ఉంది. స్టాన్లీ వెనక్కి తిరగలేదు. కూతురి చెయ్యి గట్టిగా పట్టుకుని, ఆ నవ్వు కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాడు.